హంపిలో గైడా, ఫోనా? రెండింటినీ కలిపి వాడుకునే పద్ధతి

"హంపి పోతున్నాం, గైడ్‌ని పెట్టుకోవాలా, ఫోన్ ఉంటే చాలదా?" నెలకి ఇద్దరు ముగ్గురైనా నన్ను ఈ మాట అడుగుతారు. మాది అనంతపురం. ఇంటికి చుట్టాలెవరొచ్చినా వాళ్ళని హంపి తిప్పుకొచ్చే డ్యూటీ నాది. గైడ్‌తో వెళ్ళాను, గైడ్ లేకుండా వెళ్ళాను, ఫోన్‌ని నమ్మి మిట్టమధ్యాహ్నం బండల మధ్య కాళ్ళు కాలేలా తిరిగాను కూడా. విడివిడిగా చెప్పి అలిసిపోయి, అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

జవాబు ముందే చెప్పేస్తా. రెండూ కావాలి, కానీ రెండూ ఒకే గంటలో వద్దు. ముందు రోజు రాత్రి ఫోన్, పొద్దున గైడ్, సాయంత్రం మళ్ళీ ఫోన్. ఈ వరుస తప్పితే గైడ్‌కిచ్చిన డబ్బూ దండగే, ఫోన్ ఛార్జింగూ దండగే.

ఇక్కడ చెప్పేదంతా హంపి గురించే. గోల్కొండకో, రామప్పకో, లేపాక్షికో వెళ్తున్నా చాలావరకు ఇదే పద్ధతి నడుస్తుంది.

ఏమేం కావాలి

- ఫుల్ ఛార్జింగ్‌తో ఫోన్, ఒక పవర్ బ్యాంక్. ఇంట్లో రెండో ఫోన్ ఉంటే అదీ తీసుకోండి, పెద్దవాళ్ళ కోసం పనికొస్తుంది.
- రెండు రకాల ఆఫ్‌లైన్ మ్యాపులు. రెండు ఎందుకు కావాలో కింద ఒకటో మెట్టులో చెప్తాను.
- గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో కన్నడ, తెలుగు రెండూ డౌన్‌లోడ్ చేసి ఉంచుకోవాలి.
- ఒక జత ఇయర్‌ఫోన్స్. వైరు ఉన్నవైతే మేలు, ఛార్జింగ్ గొడవ ఉండదు.
- చిన్న నోటు పుస్తకం, పెన్ను.
- టోపీ, తలా ఒక లీటరు నీళ్ళు, మెత్తటి చెప్పులు.
- కొత్త 50 రూపాయల నోటు ఒకటి. వెనకవైపు హంపి రాతి రథం బొమ్మ ఉంటుంది. పిల్లలుంటే దీంతో పని పడుతుంది.

1. ముందు రోజు రాత్రి మ్యాపులు దించుకోండి

హోసపేటలో హోటల్ తీసుకునే వాళ్ళే ఎక్కువ. అక్కడ వైఫై ఉండగానే ఈ పని ముగించండి. గూగుల్ మ్యాప్స్‌లో పైన మీ ఫోటో మీద నొక్కితే ఆఫ్‌లైన్ మ్యాప్స్ అని కనిపిస్తుంది. హోసపేట, కమలాపురం, హంపి, నదికి అవతల ఉన్న ఆనెగొంది, ఈ నాలుగూ చట్రంలోకి వచ్చేలా జరిపి డౌన్‌లోడ్ చేయండి.

ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. నెట్ లేనప్పుడు గూగుల్ మ్యాప్స్ బండి దారి మాత్రమే చెప్తుంది, నడిచే దారి చెప్పదు. విరూపాక్షాలయం దగ్గర నిలబడి విఠలాలయానికి దారి అడిగారనుకోండి, కమలాపురం వైపు తిప్పి రోడ్డు మీద బోలెడు కిలోమీటర్లు చూపిస్తుంది. తుంగభద్ర ఒడ్డునే కోదండరామాలయం మీదుగా నడిచి వెళ్తే రెండు కిలోమీటర్లు ఉంటుంది, అంతే. మా పిన్ని వాళ్ళు మొదటిసారి ఫోన్ చూపించిన దూరం చూసి హడలిపోయి ఆటో మాట్లాడుకున్నారు. ఆ ఒడ్డు దారే హంపి మొత్తంలో నాకిష్టమైన నడక. అది పోయింది వాళ్ళకి.

అందుకే రెండో మ్యాప్. ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లో నెట్ లేకపోయినా కాలిబాటలు కనిపిస్తాయి. అందులో కర్ణాటక భాగం దించుకుని, చూడాలనుకున్న చోట్లకి గుర్తులు పెట్టుకోండి. పది చాలు. నలభై గుర్తులు పెట్టుకున్నవాళ్ళు పదిహేను కూడా చూడలేరు, చూడనివాటి గురించి బాధపడుతూ తిరిగొస్తారు.

సరిచూసుకోవడం: ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి రెండు యాప్‌లూ తెరవండి. హేమకూటం అని వెతకండి. దొరికిందా, పడుకోండి.

జాగ్రత్త: మ్యాపులో నది అవతల చోటు అరకిలోమీటరే అనిపిస్తుంది. అక్కడ వంతెన లేకపోతే పడవో పుట్టో దిక్కు. సాయంత్రమైతే అవి తిరగవు, నీళ్ళు ఎక్కువైతే అసలే తిరగవు. ఆ పూట రోడ్డు మీద చుట్టు తిరిగి రావాల్సిందే.

2. ఏఐని జవాబులు అడక్కండి, ప్రశ్నలు రాయించుకోండి

ఇప్పుడందరి ఫోన్లలోనూ ఏదో ఒక ఏఐ యాప్ ఉంది. దాన్ని "హంపి గురించి చెప్పు" అంటే నిజం, అబద్ధం ఒకే గొంతుతో చెప్తుంది. మీకు తేడా తెలియదు. ముందు చిన్న పరీక్ష పెట్టండి: "విఠలాలయంలో రాతి రథం ఒకే రాయితో చెక్కారా?" అని అడగండి. అవును అంటే, మిగతా జవాబుల్ని ఎంతవరకు నమ్మాలో తెలిసిపోతుంది. ఎందుకో ఏడో మెట్టులో ఉంది.

దాన్ని వాడాల్సింది ఇలా: "రేపు పొద్దున గైడ్‌తో హజారరామాలయం చూస్తున్నాను. గోడల మీది బొమ్మల గురించి ఆయన్ని ఏం అడగాలి? అయిదు ప్రశ్నలు ఇవ్వు." తెలుగులోనే అడగొచ్చు. వచ్చిన వాటిలో నచ్చిన రెండు మూడు నోటు పుస్తకంలో చేత్తో రాసుకోండి. ఫోన్‌లోనే ఉంచుకుంటే ఆ ఎండలో స్క్రీన్ కనపడదు.

3. గైడ్‌ని ఎంచుకోవడం

హంపిలో తెలుగు మాట్లాడే గైడ్లకి కొదవలేదు. బళ్ళారి వైపు తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. అయినా ముందే "తెలుగులో చెప్తారా, హిందీలోనా?" అని అడగండి. కొందరు తెలుగు అంటారు గానీ "ఇది గుడి, ఇది ఏనుగు" దాటి వెళ్ళదు.

పర్యాటక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు మెడలో ఉందా చూడండి. లేకపోతే అడగండి, మొహమాటం వద్దు. కార్డు ఉన్నంత మాత్రాన బాగా చెప్తాడని కాదు, గొడవొస్తే అడగడానికి ఒక అడ్రసు ఉంటుంది, అంతే. బాగా చెప్తాడో లేదో తెలియడానికి నేను ఒక్క ప్రశ్న వేస్తాను: "అన్నా, విరూపాక్షాలయంలో గోపురం నీడ తలకిందులుగా ఎందుకు పడుతుంది?" చీకటి గదిలో చిన్న కంతలోంచి వెలుతురు వచ్చి ఎదుటి గోడ మీద గోపురం తిరగబడి కనిపిస్తుంది. "దేవుడి మహిమ సార్" అని ఆపేస్తే నమస్కారం పెట్టి ఇంకొకరిని చూసుకుంటాను. "పాతకాలం డబ్బా కెమెరా లాగా సార్" అంటే ఆయన మన మనిషి. మహిమ అన్నాక కెమెరా గురించి కూడా చెప్పాడంటే ఇంకా మంచిది.

ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చా? చేసుకోవచ్చు. రేటింగ్ చుక్కల్ని కాదు, కింద రాసిన మాటల్ని చదవండి. "చాలా మంచి మనిషి, టైముకి వచ్చాడు" అన్న రివ్యూ పదిసార్లున్నా మీకు తెలిసేది ఏమీ లేదు. "ఫలానా గోడ మీద ఫలానా బొమ్మ చూపించాడు" అని ఒక్కరు రాసినా చాలు. బుక్ చేశాక ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడండి. భాష అక్కడే తేలిపోతుంది.

4. ముందే తేల్చుకోవాల్సిన మూడు మాటలు

ఒకటి, ఎన్ని గంటలు, ఎంత. రెండు, బండి ఖర్చు, టికెట్లు, బ్యాటరీ బండి అందులో ఉన్నాయా లేవా. మూడు, "షాపులకి వద్దు." ఈ మూడో మాట చెప్పకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకసారి గుళ్ళో పన్నెండు నిమిషాలు, రాతి బొమ్మల షాపులో నలభై నిమిషాలు గడిపాం. మా అత్త రెండు ఏనుగులు కొంది. అవి ఇప్పటికీ టీవీ పక్కన ఉన్నాయి, చూసినప్పుడల్లా గుర్తొస్తుంది.

ఒప్పందం కుదిరాక వాట్సాప్‌లో ఒక్క లైను పంపండి: "అన్నా, రేపు 6:30 నుంచి 11:30, ఇంత, షాపులు లేవు." ఆయన సరే అని జవాబిస్తే సాయంత్రం మాట తేడా రాదు.

5. ఎక్కడ గైడ్, ఎక్కడ ఫోన్

రోజంతా గైడ్ అక్కర్లేదు. నా లెక్కలో పొద్దున అయిదు గంటలు చాలు. ఆ అయిదు గంటలూ చెక్కడాలు ఎక్కువగా ఉన్నచోట ఖర్చు పెట్టండి: విరూపాక్షాలయం, హజారరామాలయం, మహానవమి దిబ్బ, విఠలాలయం.

హేమకూటం, మతంగ పర్వతం, లోటస్ మహల్, ఏనుగుల శాలలకి ఫోన్, అక్కడి బోర్డు సరిపోతాయి. ఏనుగుల శాలలో పదకొండు గదులున్నాయని చెప్పడానికి మనిషి ఎందుకు, లెక్కపెట్టుకోవచ్చు.

విఠలాలయానికి రోడ్డు మీద వెళ్తే చివరి కిలోమీటరు బ్యాటరీ బండి ఎక్కాలి. అక్కడ కొన్న పురావస్తు శాఖ టికెట్టే అదే రోజు లోటస్ మహల్ ఉన్న జనానా ఆవరణకీ, కమలాపురం మ్యూజియానికీ పనిచేస్తుంది. పారేసుకుని రెండోసారి కొన్నవాళ్ళని చూశాను. ఆన్‌లైన్ టికెట్ అయితే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, గేటు దగ్గర సిగ్నల్ వెతుక్కోనక్కర్లేదు. మ్యూజియానికి శుక్రవారం సెలవు. వీలైతే మొదట దానికే వెళ్ళండి. హంపి మొత్తం నమూనా అక్కడ నేల మీద పరిచి ఉంటుంది, చుట్టూ ఒకసారి తిరిగితే ఏ కొండ ఎక్కడో మనసులో కూర్చుంటుంది. ఏ మ్యాపూ ఆ పని చేయలేదు.

6. గైడ్ చెప్తున్నప్పుడు ఫోన్ జేబులో

ఇది వినడానికి తేలిక, చేయడం కష్టం. గైడ్ చూపించిన వెంటనే అందరం ఫోన్ ఎత్తుతాం. ఫోటో తీసేలోగా ఆయన తర్వాతి బొమ్మకి వెళ్ళిపోతాడు. ఇంటికొచ్చాక నాలుగు వందల ఫోటోలుంటాయి, ఏది ఏమిటో తెలియదు. "అన్నా, ముందు చెప్పండి, తర్వాత అయిదు నిమిషాలు ఫోటోలకి ఇవ్వండి" అని మొదట్లోనే అడగండి. ఆయనకీ ఊపిరి తీసుకున్నట్టుంటుంది.

మాటలు దాచుకోవాలంటే అడిగి రికార్డు చేసుకోండి. చాలామంది సరే అంటారు. తన కథల్ని ఎవరైనా యూట్యూబ్‌లో పెట్టేస్తారని కొందరికి భయం, అది న్యాయమే. వద్దంటే వదిలేయండి. రికార్డు చేస్తే ఒక్కో చోటికీ ఒక్కో ఫైలు చేయండి, పేరు అక్కడే పెట్టండి. మూడు గంటల ఒకే ఫైలుని ఏ జన్మలోనూ వినరు.

మా నాన్నకి వినికిడి తక్కువ. గుంపులో గైడ్ మాట అందేది కాదు, ఊరికే తల ఊపేవాడు. పోయినసారి ఇలా చేశాం: ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి మామూలు కాల్ కలిపి, ఒకటి గైడ్ చొక్కా జేబులో పెట్టాం, రెండోదానికి ఇయర్‌ఫోన్స్ తగిలించి నాన్న చెవిలో పెట్టాం. పది అడుగుల దూరంలో రాతి మెట్టు మీద కూర్చుని అంతా విన్నాడు. మధ్యలో లేచొచ్చి, "కిష్కింధ ఇక్కడే అంటివి గదప్పా, వాలి గుహ ఏదీ?" అని గైడ్‌ని నిలదీశాడు. లోపలి మండపాల్లో సిగ్నల్ తెగుతుంది, అప్పుడు మళ్ళీ కలపాలి. నాన్న ఫోన్ మైక్ మ్యూట్‌లో పెట్టడం మరిచిపోకండి, లేకపోతే ఆయన దగ్గు గైడ్ జేబులోంచి వినిపిస్తుంది.

7. చెప్పింది రాయితో సరిచూడండి

గైడ్ చెప్పినా, ఫోన్ చెప్పినా, ఆఖరి సాక్ష్యం రాయిదే. నాలుగు చోట్ల ఎలా చూడాలో చెప్తాను.

రాతి రథం. ఏకశిల అని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. దగ్గరికెళ్ళి గోడల్లో గీతల కోసం చూడండి, రాళ్ళ అతుకులు కనిపిస్తాయి. ముందున్న రెండు ఏనుగులు కూడా మొదటివి కావు. వాటి వెనక గుర్రాల కాళ్ళు, తోకల ఆనవాళ్ళు ఉన్నాయి. ఇప్పుడు 50 నోటు తీసి పిల్లలకివ్వండి, బొమ్మనీ రథాన్నీ పోల్చమనండి. తర్వాత ఫోన్‌లో గ్రీన్‌లా అనే బ్రిటిష్ సైనికాధికారి 1856లో తీసిన ఫోటో చూపించండి, ముందు రాత్రే సేవ్ చేసుకోవాలి. అందులో రథం పైన ఇటుక శిఖరం ఉంటుంది, నోటు మీదా లేదు, ఎదురుగానూ లేదు. ఫోన్ హంపిలో చేసే గొప్ప పని నా దృష్టిలో ఇదే, అక్కడ ఇప్పుడు లేనిదాన్ని చూపించడం.

సరిగమ స్తంభాలు. విఠలాలయంలో తడితే పలికే రాతి స్తంభాలివి. ముట్టుకోనివ్వరు, ముట్టుకోవద్దు. ఒక గైడ్ తన ఫోన్‌లో దాచుకున్న పాత రికార్డింగ్ వినిపించాడు, అది చాలు. బ్రిటిష్ వాళ్ళు లోపల ఏముందో చూద్దామని రెండు స్తంభాలు కోశారన్న కథ ఎలాగూ వస్తుంది. అప్పుడు "ఎలా తెలుసన్నా?" అని అడగండి. ఈ రెండు మాటల ప్రశ్న రోజంతా పనికొస్తుంది. జవాబు మూడు రకాలుగా ఉంటుంది: శాసనం ఉంది, అప్పటి యాత్రికుడు రాశాడు, మా ఊళ్ళో చెప్పుకుంటారు. మూడూ వినండి, కానీ నోటు పుస్తకంలో పక్కన శా, యా, ఊ అని గుర్తు పెట్టుకోండి. మహానవమి ఉత్సవాల వర్ణన 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాతల్లో ఉంది, దానికి యా. "భువనవిజయం ఇక్కడే, పెద్దన ఇక్కడే కూర్చున్నాడు" అని తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా చూపించే అరుగుకి నేను ఊ పెట్టుకున్నాను. ఒళ్ళు పులకరించిన మాట నిజమే, అయినా ఊ.

మెట్ల పుష్కరిణి. మహానవమి దిబ్బ దగ్గర, 1980ల తవ్వకాల్లో బయటపడింది. దిగనివ్వరు కాబట్టి గట్టు మీద నుంచి కెమెరా జూమ్ చేసి మెట్ల రాళ్ళని చూడండి. చిన్న చిన్న గీతలు, అక్షరాలు దొరుకుతాయి. ఏ రాయి ఏ దిక్కున, ఏ వరసలో పెట్టాలో పనివాళ్ళు వేసుకున్న గుర్తులు అవి. విడిభాగాల బీరువాకి నంబర్లు వేసినట్టు. గైడ్ చూపించకపోతే మీరే అడగండి.

ఉగ్రనరసింహుడు. 1528లో చెక్కించిన విగ్రహం, ఎత్తు 6.7 మీటర్లు. ఒళ్ళో లక్ష్మీదేవి ఉండేది, ఇప్పుడు లేదు. ఆమె చెయ్యి మాత్రం స్వామి వెనక మిగిలింది. ఎక్కడ నిలబడితే కనిపిస్తుందో గైడ్‌ని అడగండి. ఇలాంటివి ఏ మ్యాపులోనూ గుర్తు పెట్టి ఉండవు.

ఇక హజారరామాలయం గోడల మీది రామాయణాన్ని ప్రదక్షిణగా, వరస తర్వాత వరస చదవాలి. ఎక్కడ మొదలుపెట్టాలో గైడ్ చూపిస్తే చాలు, తర్వాత మీ ఇంటి పెద్దవాళ్ళకి వదిలేయండి. వాళ్ళు గైడ్‌కే చెప్తారు.

8. సాయంత్రం మళ్ళీ ఫోన్

గైడ్‌ని పంపించి, తిని, కాసేపు నీడలో పడుకుని, నాలుగింటికి హేమకూటం ఎక్కండి. పొద్దున విన్నదాంట్లో సందేహాలు అక్కడ కూర్చుని వెతుక్కోండి. కొత్త కన్నడ బోర్డుల్ని కెమెరాతో తెలుగులో చదువుకోవచ్చు, బాగానే వస్తుంది. శాసనాల మీద మాత్రం పెట్టకండి. విరూపాక్షాలయంలో కృష్ణదేవరాయలి 1510 నాటి శాసనం మీద నా ఫోన్ పెడితే నాలుగు పిచ్చి మాటలు వచ్చాయి. అప్పటి తెలుగు, కన్నడ లిపులు దాదాపు ఒకటే కాబట్టి ఓపికగా చూస్తే ఒకటి రెండు అక్షరాలు మన కంటికే దొరుకుతాయి.

తరచూ జరిగే పొరపాట్లు

- ఎండలో ఫోన్ చేత్తో పట్టుకుని తిరగడం. వేడెక్కి కెమెరా తనంతట తనే ఆగిపోతుంది. తడిగుడ్డలో చుట్టకండి, నీడలో పెట్టి ఆగండి.
- డ్రోన్ తీసుకెళ్ళడం. పురావస్తు శాఖ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. ట్రైపాడ్‌కి కూడా అనుమతి కావాలి.
- గైడ్ మాట్లాడుతుండగా ఫోన్ చూసి "ఇక్కడ వేరేలా ఉందే" అనడం. సందేహం రాసుకుని, ఆపినప్పుడు అడగండి. నలుగురిలో తప్పుపడితే ఆ తర్వాత ఆయన ముక్తసరిగా చెప్పి ముగించేస్తాడు, నష్టం మీకే.
- డబ్బులన్నీ ఫోన్‌లోనే పెట్టుకోవడం. పుట్టి నడిపేవాడికీ, కొబ్బరిబోండాం అమ్మేవాడికీ స్కాన్ చేయడానికి సిగ్నల్ ఉండాలి కదా. అయిదు వందలకి చిల్లర ఉంచుకోండి.

పని అయిందో లేదో ఎలా తెలుస్తుంది

రాత్రి హోటల్లో పది ఫోటోలు తెరిచి ఒక్కోదానికీ ఒక్క వాక్యం చెప్పమని ఇంట్లోవాళ్ళని అడగండి. ఏడింటికి చెప్పగలిగితే పొద్దున గైడ్ బాగా చెప్పాడు, మీరూ బాగా విన్నారు. మూడు కూడా రాకపోతే మీరు ఫోన్‌లోంచి హంపిని చూశారని అర్థం. ఇంకో ప్రశ్న: విజయనగరం ఓడిపోయిన 1565 యుద్ధం ఎక్కడ జరిగింది? హంపిలో అంటే పొరపాటు. తళ్ళికోట యుద్ధం అని పిలిచేది కృష్ణా తీరంలో జరిగింది, నగరం నాశనమైంది ఆ తర్వాత.

మర్నాడు బస్సు లేటుగా ఉంటే, వాక్యం రాని ఫోటోల్లో ఒక్కదాన్ని ఎంచుకుని పొద్దున్నే ఆ ఒక్క చోటికే మళ్ళీ వెళ్ళండి.

గైడ్ నచ్చితే నంబర్ సేవ్ చేసుకోండి. పేరు ఒక్కటే రాసుకుంటే రెండేళ్ళ తర్వాత ఎవరో గుర్తురాదు. నా ఫోన్‌లో "హంపి తెలుగు అన్న, పొద్దున మాత్రమే" అని ఉంది. మధ్యాహ్నం పొలానికి వెళ్తాడు, ఫోన్ ఎత్తడు.